పెట్టెతో చెప్పిన మాట

అల్లుడు అప్పలసూరి మెడలో ట్రాన్సిస్టరు వేలాడేసుకుని ఇంట్లో అడుగుపెట్టిన రోజే దాలమ్మకు అనుమానం వచ్చింది. పంతొమ్మిది వందల అరవయ్యారు, కార్తీకమాసం. ఆ ఏడు వాన మొండికేసింది. పొందూరు చుట్టుపక్కల మళ్ళన్నీ తాలు గింజలతో నిలబడి ఉన్నాయి. ఎవరింట్లోనూ కొత్త వస్తువు కొనే పరిస్థితి లేదు. అలాంటప్పుడు తోలు సంచిలో మెరిసిపోతూ ఈ పెట్టె.

“ఎక్కడిదిరా ఇది?”

“విజయనగరంలో సెడుగుడు పోటీ అయ్యింది గదత్తా. గెలిస్తే ఇచ్చినారు.”

దాలమ్మ నమ్మలేదు. అప్పలసూరి ఆమెకు తమ్ముడి కొడుకే. ఒక్కగానొక్క కూతురు చిన్నతల్లిని ఇచ్చి ఇల్లరికం తెచ్చుకుంది. అతని ఆట ఆమెకు కొత్త కాదు. కూతకెళితే ఊపిరి తెగకుండా అవతలి జట్టులో ఇద్దరు ముగ్గురిని తాకి వచ్చేసేవాడు. కానీ ఇంతవరకు గెలిచి తెచ్చినవి కంచు గ్లాసులు, తువ్వాళ్ళు, ఒకసారి ఒక గొర్రెపోతు.

“గొర్రిపోతు ఇచ్చినోల్లు రేడియో ఇస్తారేటే? ఏటో ఉన్నాది,” అంది పొరుగింటి గున్నమ్మతో.

అనుమానం ఆమెకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. చిన్నతల్లి పాలు తాగే పిల్లగా ఉన్నప్పుడు, మొగుడు జగన్నాధం కొత్త చొక్కా తొడుక్కుని, పలాస వైపు ఎడ్లను చూసి వస్తానని పొందూరు స్టేషన్లో రైలెక్కాడు. దిగింది మాత్రం ఖరగ్‌పూర్‌లో. అక్కడే రైల్వే పనిలో కుదిరి, ఇంకొకావిడతో కాపురం పెట్టాడని ఆ వైపు నుంచి వచ్చినవాళ్ళు చెబితే తెలిసింది. ఎడ్ల కోసం వెళ్ళేవాడికి కొత్త చొక్కా ఎందుకని ఆ రోజు అడగలేకపోయినందుకు దాలమ్మ తనను తాను చాలాకాలం తిట్టుకుంది. ఆ తర్వాత ఏదీ అడక్కుండా వదల్లేదు. ఒంటిచేత్తో వ్యవసాయం చేసింది, పిల్లను పెంచింది, ఎదురైన ప్రతి మనిషినీ ఒకటికి రెండుసార్లు చూసింది.

అప్పలసూరి పెట్టెను గోడ గూట్లో, అసిరితల్లి పటం పక్కన పెట్టాడు. అది కూడా ఆమెకు నచ్చలేదు. తెల్లవారేసరికి భక్తిపాటలు పాడిన నోటితోనే, దీపం కొండెక్కక ముందే సినిమా పాటలు మొదలుపెట్టేది ఆ పెట్టె. ఇంత బేగి మాట మార్చేదాన్ని ఎలా నమ్మడం?

చలికాలంలో క్రికెట్టు వచ్చింది. అప్పలసూరి పెట్టెను చెవికి ఆనించుకుని, ముక్క అర్థంకాని ఇంగ్లీషు గంటలకొద్దీ వినేవాడు.

“తెలీని బాస ఏటింటావురా?”

“జనం అరుపు బట్టి తెలిసిపోతాదత్తా, అవుటయ్యాడో నేదో.”

ఇది మరీ అనుమానంగా తోచింది. వాళ్ళ అరుపులు ఇక్కడికి వినబడుతున్నాయంటే ఇక్కడి మాటలు అక్కడికి వినబడవా? ఆ రోజు నుంచి దాలమ్మ పెట్టె మీద పాత చీర ముక్క కప్పింది. ఇంటి గుట్టు ఏదైనా మాట్లాడాలంటే కూతుర్ని పెరట్లోకి పిలిచి చెవిలో చెప్పేది. చిన్నతల్లి పడీపడీ నవ్వేది. కానీ కొన్నాళ్ళకు ఆ నవ్వూ తగ్గింది. తల్లి గడపలోకి రాగానే మొగుడూ పెళ్ళాలు మాట ఆపేసేవారు. ప్యాంటు వేసుకున్న ఒక మనిషి సైకిలు మీద వచ్చి, కాలవగట్టున అప్పలసూరితో మాట్లాడి, ఇంటికి రాకుండానే వెళ్ళిపోయాడు. తర్వాత అల్లుడి కాళ్ళకు కొత్త కాన్వాసు బూట్లు వచ్చాయి.

“నిజం సూపించు తల్లీ,” అని అసిరితల్లికి మొక్కుకుంది. అమ్మవారు పలకలేదు. పక్కన చీర ముక్క కింద పెట్టె ఉంది.

ఒక మధ్యాహ్నం చిన్నతల్లి కాలవకు వెళ్ళినప్పుడు, దాలమ్మ తలుపు దగ్గరకు వేసి, పెట్టె మీద గుడ్డ తీసి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

“నాయినా, నువ్వెవలివో నాకు తెల్దు. పెద్ద పెద్దోల్ల దగ్గిర కూకుంతావు, నీకన్నీ తెలుస్తాయి. మా సూరిగాడు ఏటి దాస్తన్నాడో నువ్వైనా సెప్పు. నా గుంటని, సిన్నతల్లిని, తీసుకుపోతాడా? ఒగ్గీసి పోతాడా? ఆల్ల మావ నాగే ఎలిపోతాడా? నానింక ఇంకోపాలి ఓర్సుకోలేను నాయినా.”

పెట్టె మాట్లాడలేదు. వెనక పశువుల సాలలో గడ్డి వేస్తున్న అప్పలసూరికి మాత్రం ప్రతి మాటా వినబడింది. చేతిలో గడ్డి అక్కడే పడేశాడు. కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చి, ఆమె పక్కనే నేలమీద కూలబడ్డాడు.

“అది పలకదత్తా. నాను సెప్తాను.”

చెప్పాడు. పెట్టె పోటీలో ఇచ్చింది కాదు. విజయనగరం దగ్గర ఒక జూట్ మిల్లుకు సొంత చెడుగుడు జట్టు ఉంది. ఇతని ఆట చూసి, పనిలో వేస్తాం, మా జట్టుకి ఆడమన్నారు. ఇతను మనసు మార్చుకోకుండా ముందుగా పెట్టె ఇచ్చారు. సైకిలు మనిషి ఆ మిల్లు మేస్త్రీ, బూట్లు ఇచ్చిందీ అతనే.

“పంట పోయింది. ఇక్కడేటి తింతాం? నీకు సెప్పడానికి నోరు రానేదు. మావ ఎలిపోయినట్టే ఎలిపోతన్నానని అనుకుంతావని...”

“సెప్పకుండా దాసినావు గనక అలగే అనుకున్నాను. సిన్నతల్లికి తెలుసా?”

అతను తల దించుకున్నాడు. ఆ జవాబే ఆమెకు ఎక్కువ నొప్పి కలిగించింది. తన అనుమానం నిజమైందన్న తృప్తి కొంచెం కూడా కలగలేదు. ఆ పూట వండలేదు, పలకలేదు. సాయంత్రం కూతురు కాళ్ళు పట్టుకుని ఏడిస్తే అప్పుడు నోరు విప్పింది.

“ఎల్లండి. నాను ఆపితే ఆగుతారేటి? కానీ ఆ ఇల్లు, ఆ ఈది నా కల్లతో సూసినాకే గుంటని పంపుతాను.”

అన్నట్టే, అప్పలసూరి పనిలో చేరిన కొన్నాళ్ళకు వెళ్ళింది. మిల్లు వాళ్ళ వరస ఇళ్ళలో అల్లుడికిచ్చిన గది చూసింది. కుండల మూతలు తీసింది, మంచం కిందకి వంగింది, ఇరుగుపొరుగు ఆడవాళ్ళను వేరువేరుగా కూర్చోబెట్టి అల్లుడి నడత గురించి ఆరా తీసింది. తప్పేమీ దొరకలేదు. అయినా కూతుర్ని దింపి వచ్చాక కూడా నెలకోసారి, ముందు కబురు లేకుండా రైలెక్కి వెళ్ళేది.

మరుసటేడు విజయనగరంలో పైడితల్లి జాతరకు వెళ్ళి, అమ్మవారికి పసుపుకుంకుమలు ఇచ్చి, జీవితంలో మొదటిసారి అల్లుడి ఆట చూడటానికి మైదానంలో ముందు వరసలో కూర్చుంది. అప్పలసూరి కూతకెళ్ళాడు. ఒకణ్ణి తాకాడు, ఇద్దరు నడుం పట్టుకున్నారు, ఈడ్చుకుంటూ గీత వరకు వచ్చాడు. ఈల మోగింది. అవుటన్నారు.

దాలమ్మ లేచి నిలబడింది. “ఒరే ఈలోడా! ఎవలి కూడు తిన్నావురా? సెయ్యి గీత మీద పడ్డాది, నీకు కల్లు నేవేటి?”

జనం గొల్లుమన్నారు. చిన్నతల్లి చీర పట్టి లాగినా ఆమె కూర్చోలేదు.

జట్టు ఓడిపోయింది. తుండుతో మెడ తుడుచుకుంటూ వచ్చిన అప్పలసూరి, “ఆయన తప్పు నేదత్తా. నాకు గీత అందనేదు,” అన్నాడు.

“నోరుముయ్యిరా. నీకేటి తెలుసు? నాను సూసినాను గదా,” అంది. ముగ్గురూ మైదానం దాటుతున్నంతసేపూ, ఆ ఈల మనిషి ఎవరితో మాట్లాడుతున్నాడో వెనక్కి తిరిగి తిరిగి చూస్తూనే ఉంది.