తలుపు అవతల టప్పీ

రోడ్డు పక్కన చచ్చిపడిన జంతువు కనబడితే మెర్ల్ బండి ఆపకుండా పోయేది కాదు. చిన్న కంగారూలాంటి వాలబీ కానీ, బొరియల్లో ఉండే బొద్దు వాంబాట్ కానీ, దిగి దాని పొట్టసంచిలో పిల్ల బతికుందేమోనని చెయ్యి పెట్టి చూడాల్సిందే. టాస్మేనియా కొండల్లో గొర్రెల బొచ్చు కత్తిరించేవాళ్లకు వండిపెట్టడం ఆమె పని.

"ఆ చేత్తోనే మాకు రొట్టెల పిండి పిసుకుతావా తల్లీ?" అని వాళ్లు ఏడిపించేవారు.

"నచ్చకపోతే పస్తుండండి," అనేది మెర్ల్.

ఒక చలికాలం పొద్దున ఒక వాంబాట్ సంచిలో పిల్ల బతికే ఉంది. ఒంటిమీద ఇంకా బొచ్చయినా రాలేదు. మెర్ల్ తన మొగుడి పాత స్వెట్టరును సంచిలా కుట్టి, పిల్లను అందులో వేసి వంటింటి తలుపు గడియకు తగిలించింది. బటన్ అని పేరు పెట్టి సీసాతో పాలు పట్టింది. ఎంత చుట్టినా వణుకు తగ్గలేదు. చివరికి ముసలి కుక్క టప్పీ పొట్ట దగ్గర పడుకోబెడితే తగ్గింది. ఆనాటి నుంచి రెండింటికీ ఒకటే పక్క.

పక్క పొలం ఐవర్ అది చూసి మొహం చిట్లించాడు.

"కుక్కను దూరం పెట్టమ్మా. రేపు అడవిలో కుక్క ఎదురైతే ఇది ఏమనుకుంటుంది?"

"అమ్మ అనుకుంటుంది!" మెర్ల్ పకపకా నవ్వింది. "మా టప్పీకి పళ్లే లేవు బాబాయ్."

"నా కుక్కలకు ఉన్నాయి కదే!"

బటన్ బలిసింది. తలుపులు గీరి, మెర్ల్ పిక్కలు కొరకడం మొదలుపెట్టింది. ఇక దాన్ని వదలాల్సిన వేళయింది. కొండవాలున పాత బొరియ దగ్గర దించితే, వెనక్కి తిరిగి చూడకుండా దూరిపోయింది. మెర్ల్ కళ్లు తుడుచుకుంటూనే, గర్వంగా ఇల్లు చేరింది.

గొర్రెలను కొండ దింపే రోజుల్లో ఐవర్ వచ్చాడు. కోటులో ఏదో చుట్టి పట్టుకుని గడప దగ్గరే నిలబడ్డాడు.

"బొరియ దాని పక్కనే ఉందమ్మా. లోపలికి దూరి, రాయిలాంటి ఆ పిర్రలు అడ్డం పెట్టుకుంటే నా కుక్కలు దాన్నేం చేయగలిగేవి?"

"పారిపోలేదా?"

"ఎదురొచ్చింది. ముక్కు పైకెత్తుకుని. నేను ఈల వేసి కుక్కల్ని ఆపేలోపే..."

ముందే చెప్పానుగా అని అతను అనలేదు. అని ఉంటే బాగుండేది, తిరిగి అరవడానికైనా ఒకరు దొరికేవారు అనుకుంది మెర్ల్.

మరుసటి చలికాలం ఆ గడియకు మళ్లీ ఒక సంచి వేలాడింది. లోపల ఇంకో వాంబాట్ పిల్ల వణుకుతోంది. బయట టప్పీ తలుపు గీరుతోంది.

"పోవే టప్పీ, అవతలికి పో."

మెర్ల్ వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పిల్ల పక్కన దోపింది. కాసేపటికి గీరడం ఆగింది. టప్పీ ఎక్కడికీ పోలేదు. తలుపు కింది సందుకు ముక్కు ఆనించి, గడప మీదే పడుకుంది.