రెండో పాస్‌వర్డ్

మా ఇనుప గనిలో డీజిల్ స్టోరు గుమాస్తా బాబుకి ఒక అలవాటుండేది. ఎవరి మాటెత్తినా, వాళ్లు అక్కడే ఉంటే ముందు ఆయన చూపు వాళ్ల మీదికి పోయేది. ఆయన దగ్గర ఎవరి గుట్టూ దాగదని నవ్వుకునేవాళ్లం.

డీజిల్ దొంగతనం ఆపడానికి ఆ ఏడు కంప్యూటర్ పెట్టారు. నెల బడ్జెట్ దాటితే పంపు దానంతటదే ఆగిపోతుంది. మళ్లీ తెరవాలంటే ఇద్దరు పాస్‌వర్డ్ కొట్టాలి. ఒకటి ఆయనది. మా ఊరు మరైగూడ నుంచి వచ్చి కొత్తగా ఉద్యోగంలో చేరాను; ఎవరితోనూ లాలూచీ ఉండదని రెండోది నాకిచ్చారు.

అలా పంపు ఆగిపోయిన ఒక మధ్యాహ్నం టిప్పర్ల కాంట్రాక్టరు మనుషులు ముగ్గురొచ్చి లోపల గడియ పెట్టారు. ఆడపిల్లనని నన్ను లెక్కచెయ్యలేదు. ఒకడు బాబు మెడ మీద చెయ్యేశాడు.

“ఏంది బాబూ, పంపు తెరవవా?”

“నా ఒక్కనితోటి కాదు. ఇంకొకరు కూడా కొట్టాలె.”

“ఎవరా ఇంకొకరు?”

నేను రెండడుగుల దూరంలో ఫైలు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆయన కళ్లు ఇప్పుడు నా మీదికి తిరుగుతాయని తెలుసు.

ఆయన గోడ మీది క్యాలెండర్‌నే చూస్తూ, “జగదల్‌పూర్ పోయిండు. సోమవారం గానీ రాడు,” అన్నారు.

“సోమవారం మళ్లొస్తం,” అని వాళ్లు వెళ్లారు.

సాయంత్రం ఆయనే నన్ను మా ఊరి వైపు వెళ్లే సుక్మా బస్సెక్కించారు. రోడ్డవతల వాళ్ల జీపు ఆగి ఉంది.

“మరి మీరు?” అన్నాను కిటికీలోంచి.

“నువ్వు పో బిడ్డా.”

బస్సు కదిలేదాకా ఆయన ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు.