వాకిలికి అడ్డంగా గొంగడి

పెద్దబాపు పోయారన్న కబురు తుర్కయాంజాల్‌లో బస్సు కోసం నిలబడి ఉండగా తెలిసింది. ఇబ్రహీంపట్నం చేరేదాకా సీట్లో కుదురుగా కూర్చోలేకపోయాను. ఆయనే ఉంటే "మొదలు కూసో, తర్వాత ఏడువు" అని కసిరేవారు.

మా బాపుకు అన్న ఆయన. నిజాం మీద పోరాట కాలంలో పటేలు పట్నం పారిపోతే, తగవులు తీర్చమని ఊరు ఆయన్నే పెద్దగా పెట్టుకుంది. ఆయన గొంగడి పరిచి కూర్చుంటే పంచాయితీ మొదలైనట్టు. అది ముగిసేదాకా గొంగడి ఎవరూ దాటకూడదు, చెయ్యెత్తకూడదు. మా ఊరి కట్టుబాటు అది. ఇరువైపుల మాటా వింటూ పల్లికాయలు ఒలుచుకు తినేవారు. ఒళ్లంతా పొట్టే. పెద్దమ్మ ఎంత తిట్టినా మానలేదు.

మిలిటరీ వచ్చిందని, నిజాం లొంగిపోయాడని తెలిసిన మర్నాడు ఊరు మా వీధి దర్జీ ఇంటి మీద పడింది. దర్జీ బామ్మర్ది రజాకార్లలో చేరి మా బాపును చింతబరికెలతో చావగొట్టాడు. వాడు పారిపోయాడు. చిక్కింది దర్జీ, అతని భార్య, చంటిబిడ్డ. అందరికంటే ముందు గొడ్డలితో మా బాపే. ఆపబోయిన అమ్మ వెనకాలే నేనూ పరిగెత్తాను.

దర్జీ వాకిలికి అడ్డంగా గొంగడి పరుచుకుని కూర్చున్నారు పెద్దబాపు.

"అన్నా, జరుగు."

"పంచాయితి నడుస్తుంది. కూసో."

"వాని బామ్మర్ది నా ఈపు పలగ్గొట్టిండు. కండ్లు కనవడ్తలేవా?"

"వాన్ని పట్టుకరా, గప్పుడు అడుగుదం. ఈనేం జేసిండు? నీ బిడ్డకు లంగ కుట్టిండు."

ఆ లంగే నా ఒంటి మీద ఉంది. వెనక నుంచి ఎవరో విసిరిన రాయి పెద్దబాపు భుజానికి తగిలింది. ఆయన లేవలేదు. నాకు చచ్చేంత భయం వేసింది. ఎంతసేపటికో బాపు గొడ్డలి పక్కన పడేసి, చెప్పులు విడిచి, గొంగడి అంచున కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. తర్వాత మిగతావాళ్లూ కూర్చున్నారు. మిలిటరీ లారీ వచ్చేదాకా పెద్దబాపు ఎవరినీ లేవనివ్వలేదు.

తర్వాత వచ్చిన సర్పంచ్ ఎన్నికల్లో మా వాళ్లే ఆయనకు ఓటెయ్యలేదు. "మల్ల అడుక్కుందం తియ్" అన్నారాయన. అడుక్కున్నారు, గెలిచారు, చెరువు నీళ్ల తగవులు తీరుస్తూ ముసలివారయ్యారు. బాపు మాత్రం ఆ రోజు గురించి ఎన్నడూ నోరు విప్పలేదు. అన్నతో ముభావంగానే ఉండిపోయాడు.

నిన్న పాడె ఎత్తే వేళకు బాపు కర్ర ఊతంతో లోపలికి వెళ్లాడు. ఆ పాత గొంగడి తెచ్చి వాకిలికి అడ్డంగా పరిచాడు. చెప్పులు విడిచి దాని మీద కూర్చున్నాడు.

"అన్నా, పంచాయితి నడుస్తుంది. కూసో."

పాడె మోసేవాళ్లు భుజాల మీది బరువుతో అట్లాగే నిలబడిపోయారు. గొంగడి ఎవరూ దాటలేదు.