ఫేజ్ తోకలో జారిన అక్షరం

సింగపూర్‌లోని క్లెమెంటిలో మేముండే బ్లాక్ వెనక కాలవ నీళ్ళలో నేనొక ఫేజ్‌ని పట్టాను. ఫేజ్ అంటే బ్యాక్టీరియాని తినే వైరస్. మనుషుల జోలికి రాదు. ఈ సంగతి ఫోన్‌లో మా అమ్మకి సగమే చేరింది.

"వైరస్ పట్టిందా? జ్వరం ఉందా? మిరియాల కషాయం పెట్టుకో."

"పట్టింది కాదమ్మా, పట్టాను."

"ఏదైతేనేం, కషాయం తాగు," అని పెట్టేసింది.

ఫేజ్‌ని సీక్వెన్సింగ్‌కి పంపితే దాని జీనోమ్ అంతా ఒక పొడుగాటి అక్షరాల వరసగా వచ్చింది. అందులో ఏ జీన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గుర్తుపెట్టడం నా పని. జీన్‌ని మూడేసి అక్షరాలుగా చదవాలి. "తలుపు తెరిచి లోపల చూడండి" అన్నదాంట్లో మొదటి అక్షరం ఎగిరిపోయాక కూడా మూడేసే చదువుతానని పట్టుబడితే "లుపుతె రిచిలో పలచూ డండి" అవుతుంది. దీన్నే ఫ్రేమ్‌షిఫ్ట్ అంటారు.

నా ఫేజ్‌లో అలా విరిగిన జీన్లు రెండు కనిపించాయి. ఒకటి ఫేజ్ తోక కట్టడానికి సాయపడేది. రెండోది పని అయ్యాక బ్యాక్టీరియా గోడ పగలగొట్టి బయటికి దారి చేసేది. తోక దగ్గరిది మెషీన్ చేసిన తప్పని నేనే తేల్చేశాను. గోడ జీన్ మాత్రం నిజంగానే విరిగిందని, ఇది ప్రపంచంలో ఎవరూ చూడని వింతని నమ్మాను. ఎందుకంటే తోక కంటే గోడ గంభీరంగా వినిపిస్తుంది. అంతకుమించి కారణమేమీ లేదు.

మర్నాడు రవ్వకేసరి చేసి ల్యాబ్‌కి పట్టుకెళ్ళాను. అక్కడ నా సీనియర్ ఒక కాకినాడ అక్క. నా వింత గురించి వింటూ ముందు కేసరి తింది. ఇంకోసారి పెట్టించుకుంది. అప్పుడు అడిగింది.

"నీ ఫేజ్‌ని వేస్తే ప్లేట్లో పెంచిన బ్యాక్టీరియా పొరకి చిల్లులు పడ్డాయా?"

"బ్రహ్మాండంగా పడ్డాయక్కా."

"గోడ పగలగొట్టే జీనే పాడైపోతే చిల్లులు ఎవరు పెట్టారే? నువ్వెళ్ళి సూదితో పొడిచావా?"

నేను నోరు తెరిచేలోపు నా కంప్యూటర్ ముందు కూర్చుంది. మెషీన్ ఒకే చోటుని చాలాసార్లు చదువుతుంది. ఆ చదివినవన్నీ అక్క ఒకదాని కింద ఒకటి పేర్చి చూపించింది. గోడ జీన్ విరిగిన చోట వరసగా జీ, జీ, జీ, జీ అంటూ ఒకే అక్షరం. కొన్నిసార్లు ఒక జీ ఎక్కువ చదివింది, కొన్నిసార్లు ఒకటి తక్కువ.

"ఒకే అక్షరం వరసగా వస్తే మెషీన్‌కి లెక్క తప్పుతుంది. అమ్మమ్మ అని రాయబోయి ఒక మ్మ మింగేస్తే అమ్మ అయిపోదూ? అలాగన్నమాట."

"మరి తోక?"

తోక దగ్గర ఎన్నిసార్లు చదివినా మెషీన్ ఒకే మాట మీద ఉంది. నా ఫేజ్‌కి చుట్టాలయ్యే ఫేజ్‌లని తెచ్చి పక్కన పెడితే, వాటికీ సరిగ్గా అక్కడే విరిగి ఉంది.

"ఇది తప్పు కాదే, వీళ్ళ ఇంటి అలవాటు," అంది అక్క. "కణం ఈ జీన్‌ని చదువుతూ ప్రోటీన్ తయారుచేసేటప్పుడు ఇక్కడికొచ్చి అప్పుడప్పుడు ఒక అక్షరం వెనక్కి జారుతుంది. జారకపోతే పొట్టి ప్రోటీన్, జారితే పొడుగుది. రెండూ ఉంటేనే తోక."

"అంటే నేను రెండూ తిరగేసి చెప్పానా?"

"తిరగేసినా పద్ధతిగా తిరగేశావు," అని మళ్ళీ కేసరి వడ్డించుకుంది.

గోడ జీన్‌లో ఆ ముక్కని విడిగా ఇంకో పద్ధతిలో చదివించాం. మెషీన్ మింగిన జీ దొరికింది. దాన్ని పెట్టగానే జీన్ చక్కగా అతుక్కుంది.

మా ప్రొఫెసర్ సింగపూర్‌లోనే పుట్టి పెరిగిన చైనీస్ ఆయన. సంగతి విని, ల్యాబ్‌లో ఉన్న పాత ఫేజ్‌ల తోకలు కూడా ఒకసారి చూడమన్నారు. చూస్తే ఒకదాంట్లో ఎవరో ఆ జారుడుని మెషీన్ తప్పనుకుని, లేని అక్షరం ఒకటి ఇరికించి రెండు ముక్కల్నీ అతికేశారు. ఆయన్ని పిలిచి చూపించాం.

"ఎవరు చేశారిది?" అన్నారు కోపంగా.

అక్క చేసినవాళ్ళ పేరు ఉన్న చోటికి స్క్రీన్ జరిపింది. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని ఆ పేరు చదివారు.

"మీ, లా," అన్నారు.

ఇక్కడివాళ్ళు ఇంగ్లీషు మాటల చివర లా తగిలిస్తారు. ఆ లెక్కన ఆయనన్నది "నేనేలే" అని. నాకూ అక్కకీ మాత్రం అచ్చ తెలుగులో "మీలా" అని వినబడింది. ఇద్దరం బల్ల పట్టుకుని నవ్వుతుంటే, తన పొరపాటుకే అంత నవ్వనుకుని, పాపం ఆయన కూడా నవ్వేశారు.