నూకరత్నం వంద మీటర్ల జీరో

2023 చలికాలం. దక్షిణ కోల్‌కతాలో మా రైఫిల్ క్లబ్బు రేంజి. పొగమంచు విడిస్తేగాని టార్గెట్ కాగితాలు కనబడవు, అందాకా టీ తాగుతూ ఒకరి గురిని ఒకరు వెక్కిరించుకోవడమే పని. నేనక్కడ కోచ్‌ని. పుట్టి పెరిగింది మాత్రం ఈ ఊళ్లోనే రేవు దగ్గరి ఏక్‌బాల్‌పూర్‌లో, మా నాన్న స్టీలు సామాన్ల కొట్లో. ఇప్పుడా కొట్టు తమ్ముడు సింహాచలానిది. బేరమాడకుండా నేను తెచ్చుకున్న వస్తువు లేదు. డాక్టరు పదిరోజుల మందులు రాస్తే "వారానికి సరిపెట్టండి" అన్న మనిషిని. ఆ బుద్ధి రైఫిల్ దగ్గర మొదట ఎలా బెడిసిందో, తర్వాత ఎలా పనికొచ్చిందో చెబుతాను.

ముందు జీరో అంటే ఏమిటో చెప్పాలి. తూటా తిన్నగా పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. విసిరిన రాయిలా కొంచెం పైకి లేచి, వంగి దిగుతుంది. మన చూపు మాత్రం తిన్నని గీత. తూటా దిగుతూ దిగుతూ ఎంత దూరంలో ఆ గీతను కలవాలో సైట్ స్క్రూ తిప్పి నిర్ణయించడమే జీరో చేయడం. మేం వాడేది దుర్భిణీ లేని రైఫిల్. కంటివైపు గాడి ఉన్న రేర్ సైట్, గొట్టం చివర నిలువు పుల్లలాంటి ఫ్రంట్ సైట్. ఆ పుల్లను పోస్టు అంటాం. గాడి నడుమ పోస్టు నిలవాలి, పోస్టు తలమీద టార్గెట్‌లోని నల్ల వృత్తం కూర్చోవాలి, కాడ మీద నేరేడుపండులా.

నూకరత్నం అప్పటికి రెండేళ్లుగా నా దగ్గర నేర్చుకుంటోంది. ముప్ఫై దాటిన మనిషి. భర్తతో కలిసి మెటియాబ్రుజ్‌లో కుట్టు కార్ఖానా నడుపుతుంది. మామగారు శ్రీకాకుళం నుంచి ఓడరేవు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా క్లబ్బులో మంచి ఓపెన్ సైట్ రైఫిల్ ఒక్కటే ఉంది. ఊరి చివర మరో క్లబ్బు వాళ్ల రేంజిలో జరిగే పోటీలో మావాళ్లలో ఎవరు ముందుంటే, సీజనంతా ఆ రైఫిల్ వాళ్ల పేరు మీదే. మిగతావాళ్లు పాత తుపాకులతో, మిగిలిన వేళల్లో సర్దుకోవాలి. కార్ఖానాలో మిషన్లు ఆగే పొద్దుటి పూట తప్ప నూకరత్నానికి తీరిక ఉండదు. కాబట్టి ఆమెకు ఆ రైఫిల్ దొరకడమంటే సాధన సాగడం, దొరక్కపోవడమంటే ఆగిపోవడం.

ఆమెకు పోటీ మా క్లబ్బులోని శుభంకర్‌దా. దా అంటే బెంగాలీలో అన్న. సాల్ట్ లేక్‌లో ఐటీ ఆఫీసరు, చేయి స్థిరం, నోరు అస్థిరం.

ఆ పోటీ నియమం వింతగా ఉంటుంది. ఇరవై అయిదు, యాభై, వంద మీటర్లు, మూడు దూరాల్లోనూ కాల్చాలి. జీరో సరిచూసుకోవడానికి కాల్చే గుళ్లు మాత్రం మొదట్లోనే, మనం కోరుకున్న ఒక్క దూరంలోనే. ఆ తర్వాత స్క్రూ ముట్టుకుంటే అనర్హత. అంటే జీరో ఒక్కటే, దూరాలు మూడు.

"మనం రోజూ కాల్సేది యాబైలో. జీరో యాబైలోనే ఎట్టీ అప్పా" అంది నూకరత్నం. మావైపు అప్ప అంటే అక్క.

"మరి వందలో ఏటవుతాది? జానెడు కిందికి దిగుతాది" అన్నాను.

"ఓలమ్మ! జానెడే!"

"అందుకే సెప్తన్నాను, డెబ్బై అయిదు. నీది కాదు, నాది కాదు. మజ్జికి తెగ్గొట్టీ."

జీవితమంతా మధ్యకు తెగ్గొట్టే పైకొచ్చినదాన్ని, ఇంకేం చెబుతాను? కాగితం మీద నా లెక్క ముద్దొచ్చింది. దగ్గర దూరాలు రెండింటిలో మూడు వేళ్లు పైకి, వందలో అర జానెడు కిందికి. అన్ని చోట్లా కాస్త నష్టం, ఎక్కడా దివాలా లేదు.

పోటీకి ముందు ఆ రేంజివాళ్లు సాధనకు ఒక పూట ఇచ్చారు. డెబ్బై అయిదు జీరోతో దగ్గర దూరాల్లో నూకరత్నం బాగానే కాల్చింది. వందకు వెళ్లగానే గుళ్లు కాగితమంతా చెల్లాచెదురయ్యాయి. వెనక నిలబడి "ఎత్తు, అర జానెడు పైకెత్తు" అని నేను పోరుతూనే ఉన్నాను.

ఆమె రైఫిల్ దించి నావైపు తిరిగింది. "ఎత్తితే నలుపే కనపడ్డం నేదప్పా. పోస్టు మింగేస్తంది."

"అందాజు మీద కాల్చు."

"అందాజు మీద జాకెట్టు కుట్టిస్తే నువ్వేసుకుంతావేటి?"

ఓటమి ఒప్పుకునే అలవాటు నాకు లేదు. "సాధన సాలదు" అనేసి బస్సెక్కాను.

ఆ ఆదివారం తమ్ముడి కొట్లో కూర్చున్నాను. నూకరత్నం కుక్కర్ రబ్బరు కోసం వచ్చింది. అప్పుడే ఒక హోటలాయన పెద్ద బిర్యానీ డేగిశా అడిగితే, సింహాచలం మొదటి మాటలోనే మధ్య ధర చెప్పేశాడు. ఆయన ఇంకా తగ్గించమన్నాడు. వీడు తగ్గలేక, మూతకు వేరే ఇవ్వాలి, పిడులకు వేరే ఇవ్వాలి అంటూ పైకి పాకబోయాడు. హోటలాయన దండం పెట్టి వెళ్లిపోయాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఒరే, మీద మొదలెట్టి కిందికి దిగినోళ్లని సూసినాను గాని, కింద మొదలెట్టి మీదకెక్కినోడిని ఎప్పుడైనా సూసినావేట్రా? దిగినంతసేపూ గిరాకీ నీ కళ్లెదర ఉంతాడు. ఎక్కడం మొదలెట్టినావంటే మరి కనపడడు!"

రబ్బరు పట్టుకుని నిలబడ్డ నూకరత్నం నెమ్మదిగా అంది: "మరి ఈ ముక్క రైఫిల్‌కి సెప్పవేటి అప్పా?"

సింహాచలం నావైపు తిరిగి పగలబడి నవ్వాడు. "తుపాకీకి కూడా బేరమేనేటే నీకు?"

నేను నవ్వలేదు. నా నోట వచ్చిన మాట నాకే గుచ్చుకుంది. జీరోని దగ్గరలో పెడితే దూరపు గురికి పోస్టు పైకెత్తాలి, ఎత్తగానే నలుపు పోస్టు వెనక దాక్కుంటుంది. అదే జీరోని అన్నిటికన్నా దూరంలో పెడితే, దగ్గర దూరాల్లో పోస్టును కిందికి దించితే చాలు. నలుపు ఎప్పుడూ కళ్లెదుటే ఉంటుంది.

"వంద" అన్నాను.

"వందే" అంది నూకరత్నం.

మా రేంజిలో యాభైకి మించి చోటు లేదు. అందుకని యాభైలోనే, గుళ్లు గురికి అర జానెడు పైన పడేలా స్క్రూ తిప్పాం. అలా పడితే వందలో తిన్నగా పడాలి. అసలు సంగతి పోటీనాడు వందలో కాల్చే గుళ్లు తేలుస్తాయి. ఇక మిగిలింది ఎంత దించాలన్నది. దానికి ఆమె కళ్లు పనికొచ్చాయి. యాభైలో నలుపుకీ పోస్టు తలకీ మధ్య పోస్టు వెడల్పంత తెల్లకాగితం, ఇరవై అయిదులో దానికి ఒకటిన్నర. "కుట్టుకి అంచు వదిల్నట్టే" అంది. రోజూ మంచు విడిచే వేళకు వచ్చేది. బోర్లా పడుకుని కాల్చి మోచేతులు దోక్కుపోయినా, భుజం కమిలినా, ఆ తెల్ల అంచు కుదిరేదాకా లేచేది కాదు. చాల్లే అన్నా వినలేదు. బేరానికి లొంగని మనిషి నాకు అరుదుగా తగులుతుంది.

పోటీ రోజు ఇద్దరూ అదే రైఫిల్‌తో, ఎవరి వంతులో వాళ్లు కాల్చాలి. ముందు శుభంకర్‌దా. ఆయన యాభైలో జీరో చేసుకున్నాడు. మొదటి రెండు దూరాల్లో గుళ్లు నలుపు నడుమ గుత్తిగా పడ్డాయి. వందలో మాత్రం పోస్టు ఎత్తి, నలుపు పోగొట్టుకుని, దించి, మళ్లీ ఎత్తి తంటాలు పడ్డాడు. అయినా మొత్తం మీద మంచి మార్కులే.

నూకరత్నం వంతు వచ్చింది. స్క్రూని మేం గుర్తుపెట్టుకున్న చోటికి తెచ్చి, సరిచూసుకునే గుళ్లు వందలో కాల్చి, ఇంకొక్క పిసరు తిప్పి వదిలేసింది. ఇరవై అయిదులో నలుపుకి ఎంతో కిందుగా గురిపెడుతుంటే శుభంకర్‌దా బెంగాలీలో నా చెవిలో ఊదాడు: "దీదీ, మీ శిష్యురాలు నేలని వేటాడుతోందా?"

"మీరు ఆకాశాన్ని వేటాడారుగా దాదా, పంచుకుందాం" అన్నాను.

ఇరవై అయిదులో, యాభైలో ఆమె ఆయనకన్నా వెనకబడింది. అది ముందే తెలుసు. తెల్ల అంచును కంటితో కొలవడంలో కొంత పోతుంది. వందకు చేరాక మాత్రం కొలవాల్సింది ఏమీ లేదు. పోస్టు తలమీద నేరేడుపండు, అంతే. ఒక్కో గుండుకీ ఊపిరి వదిలి, ఆగి, నొక్కింది. తొందరపడలేదు. ఆఖరి గుండయ్యాక కూడా లేవకుండా బోర్లా అలాగే పడుకుంది.

కాగితాలు వచ్చాయి. వందలో ఆమె గుళ్లు దాదాపు అన్నీ నలుపులోనే ఉన్నాయి. వెనకబడ్డదంతా పూడి, కొద్దిగా మిగిలింది కూడా. శుభంకర్‌దా కాగితాన్ని వెలుగుకి పట్టి చూసి, రైఫిల్ సంచీ తనే మోసుకొచ్చి ఆమె చేతికిచ్చాడు. "ఠిక్ ఆఛే, ఒప్పుకున్నాను. ఈ సీజన్ మీది."

నేను మర్నాటికే సిద్ధాంతకర్తనైపోయాను. కొత్తగా వచ్చిన సభ్యులిద్దరిని కూర్చోబెట్టి, "జీరో ఎప్పుడూ అన్నిటికన్నా దూరంలో పెట్టాలి" అని పాఠం మొదలుపెట్టాను. అంతలో నూకరత్నం వచ్చి, కొత్తగా తన పేరు కట్టిన రైఫిల్ తీసి, మొట్టమొదట స్క్రూడ్రైవర్ అందుకుంది.

"ఒలే! వంద మీటర్ల జీరోని ముట్టుకోకు!" అని అరిచాను.

"ఈ సీజన్లో మిగిల్న పోటీలన్నీ యాబైలోనే కదప్పా. ఇంక వందతో పనేటి?"

డెబ్బై అయిదు అనబోయాను. ఆమె నావైపు చూసింది. యాభైలో టార్గెట్ కాగితం తగిలించడానికి లేచాను.

ఇప్పుడెవరైనా "ఏ దూరానికి జీరో చెయ్యాలి?" అని అడిగితే నేను అంకె చెప్పను. ఏ పోటీకి వెళ్తున్నావు, అక్కడ ఏ దూరంలో గురి నీ కంటికి కనబడకుండా పోతుంది అని ఎదురడుగుతాను. వాళ్లు జవాబు వెతుక్కునేదాకా టీ తాగుతాను. ఆ జవాబు దగ్గర మాత్రం బేరమాడను.