మైనా కాలు వంకర

మా చిన్నతనంలో సిద్దిపేట బస్టాండు బయట టాంగాలు వరసగా నిలబడేవి... అందులో ఒకటి మా బాపుది. గుర్రం పేరు మైనా. దాని ముందు కుడికాలు పుట్టుకతోనే బయటికి తిరిగి ఉండేది.

అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. బాపు తక్కువ మాటల మనిషి. రోజంతా దాచుకున్న ముచ్చట్లన్నీ సాయంత్రం మైనాకే చెప్పేదాన్ని. అది దానా నములుతూ చెవులు కదిలించేది... నాకదే చాలు.

మైనాకు లాడాలు వేసేది ఇమాం తాత. పాత లాడం ఊడదీసి, ముందు గుర్రాన్ని నడిపించమనేవాడు. తను గొంతుక్కూర్చుని చూసేవాడు. గిట్ట రెండు అంచులూ ఒకేసారి నేలకు ఆనాలి. ఆనేదాకా చెక్కడం, మళ్ళీ నడిపించడం... ఒక పూటంతా పట్టేది. కాలు వంకర అలాగే ఉండేది కానీ, మైనా ఏనాడూ కుంటలేదు.

బడిలో పిల్లలు నన్ను ‘వంకరకాళ్ల టాంగా’ అని పిలిచేవాళ్ళు. నా వెనకే కాలు తిప్పుకుంటూ నడిచేవాళ్ళు. నాకేమో ముక్కు మీద కోపం. నాలుగో తరగతి అంతా ఒక్కదాన్నే కూర్చుని సద్ది తిన్నాను.

ఒకసారి బాపుకు జ్వరమొచ్చింది. లాడం ఊగుతోంది, మైనాను ఇమాం తాత దగ్గరికి తోలుకుపొమ్మన్నాడు. తీరా వెళ్తే తాత ఎవరిదో పెళ్ళికని ఊరెళ్ళాడట, కొడుకు ఒక్కడే ఉన్నాడు. నాకు దుర్బుద్ధి పుట్టింది.

"కాలు సక్కగ కనవడేటట్టు కొయ్యమన్నడు మా బాపు" అన్నాను.

అతను కాసేపు తటపటాయించాడు. బాపు మాట కాదనలేక గిట్ట బయటి అంచు బాగా తగ్గించి లాడం కొట్టాడు. నిజంగానే కాలు ముందుకు చూసింది... ఎవరైనా చూడాలని బజారు మధ్యలోంచి ఇంటికి నడిపించుకొచ్చాను.

మూడో రోజుకే మైనా కుంటింది. వారం తిరిగేసరికి గిట్ట పైన కీలు వాచి, కాలు నేల మీద మోపడమే మానేసింది.

ఊరి నుంచి వచ్చిన ఇమాం తాత ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని చూసి, బాపు మీద విరుచుకుపడ్డాడు. పెరిగిన గుర్రానికి గిట్ట చెక్కితే ఎముక తిరుగుతుందా, బరువంతా కీలు మీద పడదా అన్నాడు. కోసిన గిట్ట మళ్ళీ పెరగాలంటే నెలలు పడుతుందన్నాడు.

"గిట్ల కొయ్యమని నువ్వే చెప్పినవా?"

బాపు నా వంక చూశాడు. నేను గుంజ పట్టుకుని నిలబడ్డాను.

"అవ్, నేనే చెప్పిన" అన్నాడు.

అన్ని నెలలు పని లేకుండా మేపే స్తోమత మాకు లేదు. అక్కన్నపేట నుంచి ఒక రైతు వచ్చి, పొలం ఉంది మేపుకుంటానని మైనాను మెల్లగా నడిపించుకుపోయాడు. బాపు ధాన్యం అమ్మే గంజ్‌లో బస్తాలు మోయడానికి వెళ్ళాడు. ఆ తర్వాత ఎన్నో సాయంత్రాలు ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని మాటల్లేకుండా తిన్నాం. నా ముచ్చట్లు చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

బాపు ఉన్నన్నాళ్ళూ ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు... నోటిదాకా వచ్చి ఆగిపోయేది. ఇప్పుడు బస్టాండు దగ్గర అన్నీ ఆటోలే. బాపు పోయి కూడా ఏళ్ళయింది. ఆ రోజు నన్ను ఒక్క దెబ్బ కొట్టినా బాగుండేది. ఇద్దరం ఏడ్చి, మళ్ళీ మాట్లాడుకునేవాళ్ళమేమో...

మీ తప్పును తన మీద వేసుకున్న మనిషి మీకూ ఉన్నారా? ఉంటే రాయండి, చదువుతాను. ఆ మనిషి ఇంకా బతికి ఉంటే మాత్రం... ఇక్కడ కాదు, ముందు వాళ్ళకు చెప్పండి.