వంక గట్టున చెట్టు ఎంత లావు పెరగొచ్చు

మా అత్తగారి ఊళ్లో వంక గట్టున చెట్లన్నీ నరికింది పొయ్యిలోకి కాదు, అమ్ముకోవడానికీ కాదు. వాటి వెనక మనుషులు దాక్కుంటారని నరికారు.

సింహాద్రిపురం నుంచి కాస్త లోపలికి పోతే మా ఊరు. నేను కోడలిగా వచ్చిన ఏడు వంకకు రెండు పక్కలా కానుగ చెట్లు ఎంత దట్టంగా ఉండేవంటే, మధ్యాహ్నం తోటకు అన్నం తీసుకుపోతుంటే నెత్తిన ఎండ పడేది కాదు. రెండేళ్లకు ఒక కానుగ మాను చాటు నుంచి మా పార్టీ ఆయన మీద నాటుబాంబు పడింది. ఆయన బతికాడు, కుడిచేయి పోయింది. బాంబు వేసినవాళ్ల మీద కేసు పెట్టారు, అది ఏళ్లు గడిచినా తేలలేదు. చెట్లకు మాత్రం సాక్షుల్లేరు, వాయిదాల్లేవు, మర్నాడే శిక్ష పడింది. మా గట్టు మీద ఉన్నవన్నీ మా పార్టీవాళ్లు పిలకలు లేవకుండా మొదళ్లతో సహా కొట్టేశారు. మేము కొట్టామంటే అందులో ఏదో ఎత్తు ఉంటుందని, అవతలి గట్టు మీదివి వాళ్లూ కొట్టేశారు. అప్పటిదాకా ఆ ఊళ్లో రెండు పార్టీలూ ఒకే మాట మీద చేసిన పని అదొక్కటే.

పార్టీ అంటే జెండా అనుకునేరు. మా ఊళ్లో పార్టీ అంటే పెద్దాయన. మాకొక పెద్దాయన, వాళ్లకొక పెద్దాయన. జెండాలు ఎలక్షన్లప్పుడు పులివెందుల నుంచి వచ్చేవి, పోయేవి. మా పెద్దాయన ఏది పట్టుకుంటే అవతలాయన రెండోది పట్టుకునేవాడు. రంగు గురించి ఎవరికీ పట్టింపు లేదు, వేరేదైతే చాలు.

వంకకు ఆనుకుని మాకు చీనీ తోట, అదే బత్తాయి తోట, ఉంది. పదకొండు వరసలు. మా ఇల్లు గడిచేది దాని మీదే. చెట్లు కొట్టిన తర్వాత వచ్చిన మొదటి పెద్దవానకు గట్టు పెళ్లలు పెళ్లలుగా విరిగి వంకలో పడింది. దాంతోపాటు ఒక వరస చీనీ చెట్లు, కాయలతో సహా, పోయాయి. మరుసటేడు ఇంకొక వరస. ఆ పైయేడు మూడోది. కానుగ వేళ్లు పట్టుకున్నన్నాళ్లూ మట్టి మట్టిగా ఉంది. వేళ్లు కుళ్లిపోయాక వంక మా తోటను రొట్టె తుంచుకున్నట్టు తుంచుకుని తింది. నేను చదివింది మూడో తరగతి. అయినా పదకొండులో ఏడాదికొకటి తీసేస్తూ పోతే ఎప్పటికి సున్నా అవుతుందో తెలుసుకోవడానికి ఆ చదువు చాలు.

మా ఆయనతో చెప్పాను. ఆయన అప్పుడే జమ్మలమడుగు కోర్టు వాయిదాకు పోయి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. రెండు పార్టీలవాళ్లూ ఒకే బస్సులో పోయేవాళ్లు. మావాళ్లు ముందు వాకిలి, వాళ్లు వెనక వాకిలి, మధ్య సీట్లో నిద్రపోతూ కానిస్టేబులు.

"మూడు వరసలు పోయినాయప్పా. గట్టుకు ఏమన్నా చెయ్యకపోతే తోట మిగలదు," అన్నాను.

"వాళ్లే మే, నీళ్లను మన దిక్కు తిప్పినారు."

"వాళ్ల జొన్నచేను గూడా సగం పోయింది గదా?"

"అదే మరి. మనకు అనుమానం రాకుండా వాళ్లది గూడా పోగొట్టుకున్నారు. శానా తెలివైనోళ్లు."

ఇంత దూరం ఆలోచించే మనిషికి నేనేం చెప్పగలను!

ఆ జొన్నచేను ఎవరిదో చెప్పాలి. దువ్వూరు దగ్గర మా పుట్టిన ఊరు. మా ఊరి పిల్లే, నాకంటే నాలుగేళ్లు పెద్ద, నేను అక్కా అని పిలిచే ఆమెను కూడా ఈ ఊరికే ఇచ్చారు. కాకపోతే అవతలి పార్టీ ఇంటికి. చిన్నప్పుడు ఒకే పలకను ఇద్దరం వాడుకున్నాం. ఇక్కడికి వచ్చాక మాట్లాడుకోకూడదని కట్టడి. మా పెద్దాయన చెప్పాడు, వాళ్ల పెద్దాయనా చెప్పాడు. అందుకని వంకలో ఆ దరిన ఆమె, ఈ దరిన నేను, వీపులు తిప్పుకుని కూర్చుని బట్టలతో మాట్లాడేవాళ్లం.

"ఏం చీరవే నువ్వు! మూడు వరసల చీనీ చెట్లు పోయినా కదలవు, మెదలవు," అని నేను చీరను బండకేసి బాదేదాన్ని.

"ఈ పంచె ఇంగా మేలు," అని అవతల నుంచి వినిపించేది. "సగం చేను వంకలో పోయినా మీసం దువ్వుకుంటాంది."

ఈ మాటల మధ్య నాకొక ఆలోచన వచ్చింది. పుట్టింటికి పోయినప్పుడు ఒక సంచి నిండా కానుగ కాయలు ఏరుకొచ్చి మా గట్టు వెంబడి నాటాను. మొలకలకు రక్షణగా రాళ్లు పేర్చి, ముళ్లకంప అడ్డం వేశాను. ఆ ఏడు మా గట్టు నిలబడింది. నేను మురిసిపోయాను. కానీ నా రాళ్లకు తగిలిన నీళ్లు ఎక్కడికి పోవాలి? అవతలికి పోయాయి. అక్క వాళ్ల చేనులో మిగిలిన సగంలో సగం తినేశాయి.

చేను కోసుకుపోయిన రెండో రోజే అవతలి పార్టీవాళ్లు పది మంది వచ్చి నా మొలకలన్నీ పీకి, రాళ్లు వంకలో దొర్లించి పోయారు. పీకడమే కాదు, స్టేషనుకు పోయి ఫిర్యాదు కూడా ఇచ్చారు. మా పార్టీ తరపున నేను మొక్కలు నాటి వాళ్ల ఆస్తి మీద దాడి చేశానట. ఎస్సై ఆ కాగితం రెండుసార్లు చదివి, "మొక్కలతోనా?" అని అడిగాడట. ఆ జిల్లాలో ఆయన అన్ని రకాల ఆయుధాలూ చూసి ఉంటాడు, ఇది కొత్త.

ఆ మరుసటి రోజు బట్టలు ఉతకడానికి పోతే అక్క వీపు కూడా నాతో మాట్లాడలేదు. నాకు తోట పోతుందన్న భయం కంటే అది ఎక్కువ కష్టమైంది. మిగిలిన నా ఎనిమిది వరసల కోసం ఆమె చేనును నేనే వంకకు తోసినట్టయింది.

ఊళ్లో రెండు పార్టీలకూ కావలసిన మనిషి ఒక్కడే ఉండేవాడు. కత్తులకు సాన పట్టే సాయిబు మామ. వీధి చివర రేకుల పంచలో సానరాయి పెట్టుకుని కూర్చునేవాడు. పొద్దున మా వేటకొడవళ్లకు పదును పెట్టేవాడు, సాయంత్రం వాళ్ల వేటకొడవళ్లకు. ఒకరికి ఎక్కువ పదును, ఒకరికి తక్కువ పదును అన్న మాట ఎన్నడూ రాలేదు. అంత న్యాయం ఊళ్లో ఇంకెక్కడా దొరికేది కాదు. కూరగాయల కత్తిపీట తీసుకుని నేను ఆయన దగ్గరికి పోయాను.

"నువ్వు నాటడం తప్పు కాదు తల్లీ, ఒగ దిక్కే నాటడం తప్పు," అన్నాడు రాయి తిప్పుతూ. "వంకకు పార్టీ ల్యాదు. ఈడ ఆపితే ఆడ తింటాది. రెండు గట్లకూ ఒగేసారి నాటాల."

"వాళ్లిద్దరూ ఒగ చోట కూర్చుంటే గదా మామా?"

"కూర్చునే రోజు రాకపోతాదా?"

వచ్చింది. ఆ ఎలక్షన్లలో ఒక విచిత్రం జరిగింది. మా పెద్దాయన తన జెండా మీద అలిగి రెండోదానిలో చేరాడు. ఆ సంగతి తెలిసి అవతలాయన కూడా అదే వారంలో తన జెండా మీద అలిగి, మా పెద్దాయన వదిలేసిన దానిలో చేరదామని బయల్దేరి, దారిలో ఎవరో బతిమాలితే ఆగిపోయాడు. దాంతో ఇద్దరూ ఒకే జెండా కిందికి వచ్చిపడ్డారు. ఊరంతా ఎవరిని చూసి ఉమ్మెయ్యాలో తెలియక ఆరు నెలలు నోట్లోనే పెట్టుకుంది.

ఆ ఆరు నెలల్లోనే సాయిబు మామ పంచలో కూర్చోబెట్టాం. ఒకాయన ఇంటికి ఇంకొకాయన పోడు కాబట్టి అదే తగిన చోటు. ఆడవాళ్లం పది మందిమి గోడ వారగా నిలబడ్డాం. అక్క కూడా వచ్చింది. విషయం సాయిబు మామే చెప్పాడు. నాటడానికి ఇద్దరు పెద్దాయనలూ సరే అన్నారు. పేచీ వచ్చింది చెట్టు లావు దగ్గర.

"కానుగ వద్దప్పా," అన్నాడు అవతలాయన. "దాని ఎనక మనిషి నిలబడొచ్చు."

"వావిలి పెడదాం. సన్నంగా ఉంటాది," అన్నాడు సాయిబు మామ.

"దాని ఎనక కూర్చోవచ్చు," అన్నాడు మా పెద్దాయన. ఇద్దరికీ ఈ విద్యలో మంచి అనుభవం ఉంది.

"పోనీ, కిత్తనార?"

కిత్తనారకు ఇద్దరూ వెంటనే ఒప్పుకున్నారు. ఆకు చివర ముళ్లుంటాయి, దానిలో ఎవడూ కూర్చోలేడు. కానీ కిత్తనార ఒక్కటే వంకను ఆపలేదు. మళ్లీ కానుగ దగ్గరికే వచ్చారు. జానెడు లావు దాకా పెరగనిద్దామని మావాళ్లు అన్నారు. ఆ కొలత కుదరదని వాళ్లు అడ్డం తగిలారు.

"ఎందుకు కుదరదు?"

"మీ పార్టీలో అందరూ ఎండిపోయిన కట్టెలప్పా. జానెడు చాటు చాలు మీకు. మావాళ్లు తిండి తినేటోళ్లు, మాకు చాలదు. న్యాయం ఎట్లైతాది?"

మావాళ్లకు రోషం వచ్చింది. మా పార్టీలో కూడా లావుపాటి మనుషులున్నారని నిరూపించడానికి ఒకాయనను పిలుచుకురావడానికి మనిషి పోయాడు. ఆయన వచ్చి, పంచ గుంజ వెనక నిలబడ్డాడు. రెండు వైపులా కనిపించాడు. దాంతో అవతలివాళ్లు వాళ్ల సన్నపాటి మనిషిని తెచ్చి నిలబెట్టారు. అతను కూడా కనిపించాడు, కానీ చెవులే. చెవులు లెక్కలోకి వస్తాయా రావా అని గంట సేపు వాదన నడిచింది.

నాకు ఒళ్లు మండింది. గోడ వారగా నిలబడాల్సిన మనిషిని ముందుకొచ్చి అన్నాను: "మా ఇంటి రోకలి లావు పెట్టుకోండప్పా. రోకలి ఎనక దాక్కున్నోడు ఈ జిల్లాలో ఎవడన్నా ఉండాడా?"

చెవుల వాదన అంతటితో తెగింది. అక్క గోడ వైపు తిరిగి నవ్వింది. ఆమె వీపు కదలడం చూశాను.

రోకలి లావుకు మించిన కొమ్మను ఏడాదికోసారి వానలకు ముందు కొట్టెయ్యాలి. అది ఖాయమైంది. మరి ఎవరు కొట్టాలి? ఎవరి గట్టు వాళ్లు కొట్టుకుంటే దొంగలెక్క చూపిస్తారని ఇద్దరికీ అనుమానం. కాబట్టి మా గట్టు వాళ్లు కొట్టాలి, వాళ్ల గట్టు మేము కొట్టాలి. సాయిబు మామ అన్నిటికీ తలూపాడు. అందరూ పోయాక నాతో మెల్లగా అన్నాడు, "కానుగను ఎంత నరికితే అన్ని పిలకలేస్తాది తల్లీ. పైన రోకలి లావే ఉంటాది. కింద వేరు లావును ఎవరొచ్చి కొలుస్తారు?"

ఆ వానలకే రెండు గట్లకూ ఒకేసారి కానుగ, కిత్తనార నాటాం. ఎలక్షన్లు అయిపోయాయి, పెద్దాయనలు యథాప్రకారం విడిపోయి చెరొక జెండా పట్టుకున్నారు. కానీ కొమ్మలు కొట్టే ఒప్పందం ఆగలేదు. ఆపితే అవతలివాళ్ల చెట్టు లావైపోతుందన్న భయం. ప్రతి ఏడూ వానలకు ముందు వాళ్లు వంక దాటి మా గట్టుకు వచ్చేవాళ్లు, మావాళ్లు వాళ్ల గట్టుకు పోయేవాళ్లు, అవే వేటకొడవళ్లతో. వాటికి అన్నేళ్లలో అంతకంటే ఎక్కువ పని ఎన్నడూ పడలేదు. మా రోకలిని మధ్యలో బండ మీద పెట్టేవాళ్లు. కొట్టిన ఆకు మేము చీనీ పాదుల్లో వేసుకునేవాళ్లం, వాళ్లు జొన్నచేనులో పరిచేవాళ్లు. మేకలు కిత్తనారను ముట్టవు, కానుగ ఆకూ అంతగా తినవు. ఊళ్లో ఒప్పందం మాట మీద నిలబడినవి మొదట మేకలే. ఒక్కొక్కరి మీద ఒక్కొక్కరికి ఉన్న అపనమ్మకం ఎంత గట్టిదంటే, ఆరేళ్లలో ఆ రెండు గట్లకు ఊళ్లో పసిపిల్లలకు కూడా జరగనంత సాకుడు జరిగింది.

ఏడో ఏడు వంక ఊరి మీదికి వస్తుందన్నంత వాన పడింది. తెల్లారి అందరం గట్టుకు పరుగెత్తాం. నీళ్లు ఎర్రగా, ఉరుములాంటి చప్పుడుతో పోతున్నాయి. కానుగ కొమ్మలు నీళ్లలో వంగి లేస్తున్నాయి. నేను వరసలు లెక్కపెట్టాను. తప్పు పోయిందేమోనని మళ్లీ లెక్కపెట్టాను. రెండు పార్టీల మగవాళ్లూ చూస్తుండగానే, అవతలి గట్టు మీద అక్క నా వైపు తిరిగి నిలబడి అరిచింది.

"ఎన్నుండాయ్ మే?"

"ఎనిమిదీ ఉండాయక్కా! నీ చేను?"

"కదల్లేదు!"

ఎవరూ మమ్మల్ని ఏమీ అనలేదు. అందరూ వాళ్ల వాళ్ల గట్ల వైపు చూస్తున్నారు. ఆ చెట్లు నాటించింది మా పార్టీయేనని మా పెద్దాయన ఆ సాయంత్రమే చెప్పుకోవడం మొదలుపెట్టాడు. అవతలాయన మధ్యాహ్నమే మొదలుపెట్టాడట.

నీళ్లు తీశాక మా గట్టు కింద మోకాలి లోతు ఒండ్రు మిగిలింది. మా ఆయన కళ్లు దాని మీద పడ్డాయి.

"పోయిన మూడు వరసలూ మళ్లీ నాటుదాం మే. మంచి ఒండ్రు."

"నాటాలంటే ఆడుండే కానుగ తియ్యాల. తీస్తావా?"

ఆయన మీసం కొరుక్కున్నాడు. నాకా మూడు వరసల మీద ఆశ లేక కాదు. ఒక్కొక్క చెట్టూ చేత్తో నీళ్లు పోసి పెంచినదాన్ని. కానీ ఆ నేల ఇప్పుడు వంకది, వంక మనల్ని అడిగి తీసుకోలేదు, మనం అడిగితే ఇవ్వదు. ఆ రోజు ఆయన సరే అనలేదు, కాదనలేదు.

మరుసటేడు వాళ్ల గట్టుకు కొమ్మలు కొట్టడానికి పోయి వచ్చి, అన్నం ముందు కూర్చుని ఉన్నట్టుండి అన్నాడు: "వాళ్లు వంక కోసం ఆరడుగులు వదిలేసినారు. అడుగులేసి చూసినా. ఆ ఆరడుగుల్లో నాగలి పెట్టల్యా."

"అట్లనా."

"మనం ఏడు వదులుదాం. మన పార్టీ వాళ్లకంటే తగ్గగూడదు."

నేను నవ్వకుండా పప్పు వడ్డించాను.

"ఎనిమిదైతే ఇంగా గౌరవంగా ఉంటాదేమో," అన్నాను.

ఎనిమిది వదిలాం. ఆ తర్వాతి వానలకు ముందు వాళ్లు మా గట్టుకు కొమ్మలు కొట్టడానికి వచ్చి, అడుగులేసి చూసుకుని పోయారు.